ఎర్ర పెట్టిన పాటలు

"దీనికి ఎర్ర పెట్టవే."

"నా చేతులకి గంజుంది. నువ్వే పెట్టుకోవయ్యా."

మా ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలు ఇవే. పనిలో ఉన్నప్పుడు మేము అంతకంటే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. అది గొడవా కాదు, మురిపెమూ కాదు.

మాది విజయవాడ వన్ టౌన్‌లో చీరల రోలింగ్ షాపు. షాపంటే ఇంటి ముందు గదే. నూలు చీరలు ఉతికి, గంజి పెట్టి, డాబా మీద ఆరేసి, చెరో కొసా పట్టుకుని ఇద్దరం లాగి, వేడి రోలరు మీద నడిపి, మడత వేసి ఇస్తాం. కాలేజీల్లో పాఠాలు చెప్పే మేడమ్‌లు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు ఇచ్చి వెళతారు. పెళ్లయి దివిసీమ నుంచి వచ్చిన ఏడాది నుంచీ నాకు ఇదే పని. చదువు రాదు. సంతకం చేస్తాను, బస్సు మీద అంకె చూసి ఎక్కుతాను. ఆయన ఐదో తరగతి దాకా వెళ్లారు. తెలుగు కూడబలుక్కుని చదివేవారు, ఇంగ్లీషు రాదు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా చెల్లెలి కూతురు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ఆదివారాలు వచ్చి, చీరలు లాగడానికి రెండో కొస పట్టుకుంటుంది. దానికి నేనొక సంగతి చెప్పాలి. ఊరికే చెబితే మధ్యలో అడ్డం వస్తుంది. ఏడుస్తుంది కూడా. రాస్తూ ఉంటే చేతికి పని ఉంటుంది కాబట్టి ఊరుకుంటుందని, కాగితం తెచ్చుకో, రాయి అన్నాను. ఎందుకు పెద్దమ్మా అని అడిగింది. రాస్తే తెలుస్తుంది అన్నాను.

ముందు ఎర్ర అంటే ఏమిటో చెప్పాలి. చీర రాగానే మేము రెండు కొసలూ విప్పి వెలుతురులో చూస్తాం. ఎక్కడైనా చిరుగుంటే, అంచు ఊడి ఉంటే, పసుపు మరకో కూర మరకో ఉంటే, కొంగు చివర ఎర్ర దారం ముడి వేస్తాం. ఎర్ర దారం ఉన్న చీరని రోలరు ఎక్కించకూడదు. పక్కన పెట్టాలి. ఇచ్చినవాళ్లు వచ్చాక చూపించి, మీరు ఇచ్చినప్పుడే ఇలా ఉందండీ అని చెప్పి, వాళ్లు సరే అంటే అప్పుడు ముడి కత్తిరిస్తాం. అందుకని మా ఇంట్లో దేన్ని పక్కన పెట్టినా ఎర్ర పెట్టాం అనేవాళ్లం. మెత్తబడిన వంకాయకి ఎర్ర పెట్టు అనేవారు ఆయన. మా బావగారు, అంటే ఆయన అన్నగారు, వచ్చి గంటలు గంటలు కూర్చుని వెళ్లాక, "ఈయనకి కూడా ఒక దారం ముక్క కడదామంటే కొంగు లేదే" అనేవారు.

ఇక పాటల సంగతి. మొదట్లో టేప్ రికార్డరు ఉండేది. తర్వాత ఎఫ్ఎమ్ రేడియో. చీర లాగడానికి పాట ఉండాలి మాకు. ఇద్దరం ఒకేసారి లాగాలి, ఒకేసారి వదలాలి. ఒకళ్లు ముందు లాగితే చీర వంకర పోతుంది. పాట ఉంటే నోటితో చెప్పుకోనక్కర్లేదు. పాటకి ఒక చీర, ఒక్కోసారి పాటన్నర. మధ్యాహ్నానికి ఎన్ని చీరలు అయ్యాయో పాటల్ని బట్టి తెలిసేది.

రేడియో చెడిపోయాక ఈ పిల్లే ఆయన ఫోన్‌లో ఒక యాప్ పెట్టి ఇచ్చింది. దాని మీద పిట్ట బొమ్మ ఉంటుంది. పేరు నాకు చదవడం రాదు కాబట్టి పిట్ట యాప్ అనే అంటాను. "ఇందులో లేని పాట ఉండదు పెదనాన్నా, మీకు ఏది కావాలంటే అది" అని చెప్పింది. ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెడితే గది అంతా వినబడేది. రోలరు చప్పుడులో కూడా.

ఏది కావాలంటే అది అంది గాని, కావలసింది చెప్పడం మాకు చేతకాలేదు. ఇంగ్లీషులో రాయాలి. మైకు బొమ్మ నొక్కి నోటితో చెప్పవచ్చని ఈ పిల్ల నేర్పింది. ఆయన చెబితే సగంసార్లు వచ్చేది. నేను చెబితే ఎప్పుడూ రాలేదు. నా గొంతు చిన్నప్పటి నుంచీ బొంగురు. రంపపుకోత గొంతు అనేది మా అత్తగారు. నేను పాట పేరు చెప్పగానే, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని అది ఎంతో మర్యాదగా అడిగేది. మళ్లీ చెబితే మళ్లీ అదే.

"నీ గొంతు ఆడగొంతో మగగొంతో తేల్చుకోలేక అది చచ్చిపోతోందే. వదిలెయ్యి దాన్ని" అనేవారు ఆయన.

"నువ్వు ముప్పై ఏళ్లు విన్నావుగా."

"నాకు నొక్కడానికి వేరే యాప్ ఏదీ అప్పుడు?"

అలా ఇక అదిచ్చిందే వినడం. అదిచ్చేవి ఎలాంటివంటే, చెవులు చిల్లులు పడే డప్పులు, మధ్యలో ఎవడో ఇంగ్లీషులో తిట్టినట్టు గబగబా చదవడం. ఆ పాటకి చీర లాగితే చీర రెండు ముక్కలవుతుంది. ఆయన ఒకరోజు విసుగొచ్చి ఫోన్ దగ్గరికి వెళ్లి, అక్కడా ఇక్కడా నొక్కారు. పాట పక్కన చిన్న ఆకు గుర్తు ఉంటుంది, తమలపాకు లాగా. దాన్ని నొక్కితే అది ఎర్రగా అయింది. సరిగ్గా అప్పుడే నెట్టు పోయిందో ఏమో, ఆ పాట ఆగిపోయింది. కాసేపటికి వేరే పాట వచ్చింది, నిదానంగా ఉండేది.

"చూశావా" అన్నారు. "వీళ్లకీ ఎర్ర దారం ఉందే. నొక్కితే పక్కన పెడుతోంది."

సినిమా పోస్టర్ల మీద లవ్ గుర్తు మేము చూడలేదని కాదు. పోస్టరు మీద అది పళ్లెం అంత ఉంటుంది, బాణం కూడా గుచ్చి ఉంటుంది. ఇక్కడ గోరంత. గీత మాత్రమే, లోపల ఖాళీ. నాకూ ఆకులాగే కనపడింది. నొక్కితే ఎర్రగా అవుతోంది. ఎర్ర అంటే మాకు ఒకటే.

అప్పటి నుంచీ ఆయన తనకి పడని పాటకల్లా ఎర్ర పెట్టేవారు. ఆయన చెయ్యి ఖాళీ లేకపోతే నన్ను పెట్టమనేవారు. బాగున్న పాటల జోలికి వెళ్లేవాళ్లం కాదు. బాగున్న చీరకి దారం ఎవరు కడతారు.

కాని ఎర్ర పెట్టినకొద్దీ అవే రావడం మొదలైంది. ఒక డప్పు పాటకి ఎర్ర పెడితే మర్నాడు అలాంటివి నాలుగు. "దీనికి సిగ్గు లేదే" అనేవారు. "వద్దు మొర్రో అంటుంటే పళ్లెంలో వేస్తాడు, పెళ్లి భోజనంలో వడ్డించేవాడిలాగా." పైగా రెండు పాటలకొక ప్రకటన. అది పాట కంటే గట్టిగా అరుస్తుంది. అన్నీ బంగారం తాకట్టు ప్రకటనలే. ఒకసారి కాలేజీ మేడమ్ గారు చీరలకి వచ్చి విన్నారు. ఆవిడ మా పాత ఖాతాదారు, నూలు చీర తప్ప కట్టరు.

"ఏంటండీ, బంగారం కుదువ పెట్టి పాటలు వినమంటున్నాడా" అన్నారు.

"మా ఇంట్లో బంగారం దాని మెళ్లో ఉన్నదే మేడమ్ గారూ. అది ఇస్తే పాటలాపేస్తాడేమో కనుక్కోండి" అన్నారు ఆయన.

ప్రకటన వచ్చినప్పుడల్లా మా చేతులు ఆగిపోయేవి. చీర గాల్లో ఉండగానే ఆగి, ఎదురెదురుగా నిలబడి ఆ బంగారం మాటలు వినేవాళ్లం. అయిపోయాక మళ్లీ లాగేవాళ్లం.

కొన్నాళ్లకి రీఛార్జి చేయిస్తే ఊరికే ఇంకో యాప్ వచ్చింది, గంట బొమ్మది. ఇందులో మన మాట వింటుందేమో చూద్దాం అన్నారు. తెరవగానే అది మాకు పరీక్ష పెట్టింది. గుండ్రంగా ముఖాలు చూపించి, మీకు కావలసిన వాళ్లని నొక్కండి అంది. పాడేవాళ్ల ముఖాలు మాకెక్కడ తెలుసు, గొంతులు తెలుసు గాని. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క ముఖమే చూశారు.

"ఇతను మన పాలాయనలా ఉన్నాడు. నొక్కనా?"

"నొక్కు. నమ్మకస్తుడే కదా."

ఆ పాలాయన ఏ రాష్ట్రం వాడో ఈ రోజుకీ తెలియదు. వారం రోజులు మాకు ఒక్క ముక్క అర్థం కాని భాషలో పాడాడు. ఆయన రోజూ ఎర్ర పెట్టారు, పాలాయన రోజూ వచ్చాడు. మూడు నెలలు అయ్యాక, డబ్బు కడితే గాని ముందుకి వెళ్లనని ఆ యాప్ కదలకుండా కూర్చుంది. మళ్లీ పిట్ట యాప్‌కే వచ్చాం. వచ్చేసరికి దాని ముఖం మారిపోయి ఉంది. ఎక్కడ ఉండే బొమ్మ అక్కడ లేదు. నేను పాటల్ని బొమ్మల్ని బట్టి గుర్తుపడతాను. వాళ్లు బొమ్మలు కూడా మార్చేశారు. ముందు నుంచీ తెలిసిన వీధిలో ఇళ్లకి రంగులు మార్చేసినట్టు ఉండేది.

అప్పుడు ఈ పిల్ల, మా బాధ చూడలేక, తను డబ్బు కట్టే యాప్‌లో మమ్మల్ని కూడా చేర్చింది. దాని మీద శంఖం బొమ్మ. ప్రకటనలు లేవు. గొంతు బాగుంటుంది. నిజంగా మంచిదే. అందులో కూడా ఆయన ఎర్రలు పెట్టుకుంటూనే పోయారు, అందులో కూడా అవే వచ్చాయి. "కంపెనీలన్నీ ఒకటే. లోపల్లోపల మాట్లాడుకుంటారు" అని తేల్చారు. అయినా ప్రకటనల గోల లేదు కదా, ఇదే ఉంచుకుందాం అన్నాను నేను. రెండు నెలలు ఉంచుకున్నాం.

ఒకరోజు ఆయన చీర కొస వదిలేసి బట్టల మూట మీద కూర్చున్నారు.

"మళ్లీ పిట్టదే పెట్టు" అన్నారు.

"ఎందుకు? బంగారం వాడి మీద బెంగెట్టుకున్నావా?"

"ఇది ఆగట్లేదే. పాట మీద పాట. మనమూ ఆగట్లేదు. దాంట్లో అయితే ప్రకటన వచ్చినప్పుడు కాసేపు నడుం ఆనించుకునేవాడిని."

నేను నవ్వాను. నడుం నొప్పి అనే అనుకున్నాను. ఆయనా అదే అనుకున్నారు. మళ్లీ పిట్ట యాప్‌కి వెళ్లాం. ఈ పిల్లకి కోపం వచ్చింది. "డబ్బు కట్టి చక్కగా పెట్టిస్తే, ప్రకటనల కోసం వెనక్కి వెళ్లినవాళ్లని నేనెక్కడా చూళ్లేదు పెదనాన్నా" అంది. ఆయన నడుం సంగతి చెప్పలేదు. "అలవాటైపోయిందమ్మా" అన్నారు.

ఇది నీకు ఇప్పటిదాకా తెలియదు, అమ్మడూ. రాయి. ఆగవద్దు.

ఆ రోజు పొద్దున పదిన్నర అయి ఉంటుంది. నేను నేల మీద కూర్చుని గంజి బేసినులో మేడమ్ గారి చీర ముంచుతున్నాను. ఆయన రోలరు దగ్గర నిలబడి, ఆవిడదే ఇంకో చీర ఎక్కిస్తున్నారు. పాట మారింది. ఒక మగగొంతు, వెనక తప్పెట, నడుమ నడుమ ఈల. దీనికి ఎర్ర పెట్టవే అన్నారు. నా చేతులకి గంజుంది అన్నాను. మోచేతుల దాకా గంజే. తుడుచుకుని లేవవచ్చు. అంత పనేం కాదు. కాని తుడుచుకుంటే మళ్లీ ముంచాలి కదా అని లేవలేదు. పాట మొత్తం అయింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత బంగారం వాడు వచ్చాడు. ఆయన మూట మీద కూర్చుని గోడకి ఆనుకోవడం కంటికొసన కనిపించింది. ప్రకటన కదా, ఆనుకున్నారు అనుకున్నాను.

ప్రకటన అయిపోయి పాట వచ్చింది. ఆయన లేవలేదు. మాడు వాసన వచ్చింది.

"చీర మాడుద్దయ్యా" అన్నాను. దానికి జవాబు రాలేదు. అందుకే దాన్ని చివరి మాటల్లో లెక్క వెయ్యలేదు. ఒక్కదాన్నే అన్నాను కదా.

తర్వాత ఎదురింటివాళ్లు వచ్చారు, ఆటో వచ్చింది, ఆసుపత్రిలో చూసి లేరు అన్నారు. నేను అన్నీ చూశాను. ఏడుపు రాలేదు. చేతుల మీద గంజి ఆరిపోయి, వేళ్లు మడిస్తే చిట్లుతోంది. అది మాత్రం బాగా గుర్తుంది. ఇంటికి వచ్చేసరికి ఫోన్ ఇంకా గ్లాసులో పాడుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు. చార్జింగు అయిపోయి అదే ఆగింది.

మాడిన చీర మేడమ్ గారే తీసుకెళ్లారు. జానెడు మేర గోధుమ రంగు మచ్చ. నేను ఎర్ర దారం కట్టి ఇచ్చాను. ఆవిడ ముడి కత్తిరించమని కొంగు నా ముందుకి చాపారు. "కుచ్చిళ్లలోకి పోతుందిలెండి, కనపడదు" అన్నారు. ఇప్పటికీ అది కట్టుకుంటారు. రోలింగ్‌కి మా దగ్గరికే వస్తుంది.

పెద్దకర్మ రోజున సందులో టెంటు వేశారు. ఆయన ఫొటోకి దండ వేసి కుర్చీలో పెట్టారు. భోజనాలు జరుగుతుండగా ఈ పిల్ల ఒక చిన్న స్పీకరు తెచ్చి ఫొటో పక్కన పెట్టింది. కళ్లు వాచి ఉన్నాయి దానికి. "పెద్దమ్మా, పెదనాన్న ఫోన్ చూశాను. ఆయనకి ఇష్టమైన పాటలన్నీ లైక్ కొట్టుకుని ఒక్కచోట దాచుకున్నారు. రెండొందలు పైనే ఉన్నాయి. మూడు యాప్‌లవీ ఏరి శంఖం దాంట్లో ఒకటే లిస్టు చేశాను. 'పెదనాన్న పాటలు' అని పేరు పెట్టాను" అంది. మూడు రోజులు కూర్చుని చేసిందట.

లైక్ అంటే ఏమిటి అని అడిగాను. "ఇదిగో, ఈ హార్ట్ నొక్కడం. నచ్చిన పాటకి నొక్కుతాం కదా" అని ఎర్రాకు చూపించింది.

అప్పుడు తెలిసింది నాకు.

పాట మొదలైంది. మొదటి రోజు ఎర్ర పెట్టిన డప్పు పాట. తర్వాత పాలాయన. తర్వాత ఒకడు ఇంగ్లీషులో గబగబా చదివేది. భోజనాలు చేస్తున్నవాళ్లు తలలు వంచుకుని విన్నారు. మా బావగారు చెయ్యి కడుక్కోకుండానే వచ్చి ఫొటో ముందు నిలబడ్డారు.

"మా వాడికి ఈ పాటంటే ప్రాణం. చిన్నప్పుడు కాలవగట్టు మీద గేదెల్ని తోలుతూ ఇదే పాడేవాడు" అని ఏడ్చారు.

పక్కనున్న ఆవిడ నెమ్మదిగా, "ఇది మొన్ననే వచ్చిన సినిమాలోది కాదా అన్నయ్యగారూ" అంది.

"ఇలాంటిదేనమ్మా. ఇదే మాదిరి."

నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటీ వస్తుంటే ఇది ఎర్ర పెట్టింది, ఇదీ ఎర్ర పెట్టిందే అని లోపల అనుకుంటూ ఉన్నాను. ఆయన ఉంటే, "చూశావా, చచ్చినా వదల్లేదు" అనేవారు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అందరూ నన్ను చూస్తున్నారు, ఎప్పుడు ఏడుస్తుందా అని. ఈ పిల్ల వచ్చి నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. దాని తల నిమిరాను. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

తర్వాత కూడా చెప్పలేదు. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ఆదివారం ఆదివారం అది వచ్చి, ఆ లిస్టే పెట్టి, చీర రెండో కొస పట్టుకుంటుంది. "పెదనాన్న మంచి బీట్ ఉన్నవి వినేవారు పెద్దమ్మా, అనుకోలేదు నేను" అంటుంది. ఊ అంటాను. మిగతా రోజుల్లో పక్క సందు ఆవిడ వస్తుంది, ఆవిడకి సీరియల్ ఉంటే చాలు. సీరియల్‌కి చీర లాగడం కుదరదు. అందులోవాళ్లు గొడవపడినప్పుడు ఆవిడ ఆగిపోతుంది.

ఈ ఎనిమిది నెలల్లో నేను కనిపెట్టింది ఒకటుంది. ఆ డప్పు పాటలకి నా చేతులు లాగుతున్నాయి. ఎక్కడ లాగాలో, ఎక్కడ వదలాలో నేను చెప్పకుండానే తెలుస్తోంది. అన్నిసార్లు వచ్చాయి కదా అవి. వద్దనుకుంటూనే రెండేళ్లు వాటికే లాగాం. మాకు నచ్చిన పాటలు ఏవి అంటే ఇప్పుడు నేను నాలుగు కంటే ఎక్కువ చెప్పలేను. వాటికి గుర్తేమీ పెట్టలేదు. వచ్చాయి, బాగున్నాయి, పోయాయి. గుర్తు పెట్టినవన్నీ వద్దన్నవే. ఆయన వేలితో నొక్కినవి మాత్రం అవే.

అందుకే ఇన్నాళ్లూ ఏదీ కదపనివ్వలేదు నేను. ఎర్ర తీసేద్దామా అనిపించింది మొదట. చీర సంగతి తేలాక దారం కత్తిరిస్తాం కదా. ఒకటి తీశాను కూడా, పిట్ట యాప్‌లో. తీయగానే ఆ పాట లిస్టులోంచి మాయమైపోయింది. ఆయన నొక్కింది ఒకటి తగ్గింది. మళ్లీ నొక్కితే ఎర్రగా అయింది గాని, అది నేను నొక్కింది. ఆయనది కాదు. ఇక ముట్టుకోలేదు.

పోయిన ఆదివారం ఈ పిల్ల కొత్త ఫోన్ తెచ్చింది నాకు. పాతదాని బ్యాటరీ ఉబ్బింది, ప్రమాదం అంటోంది. పిట్ట యాప్ కూడా కొత్తది వేసుకుంటే గాని పాడనంటోంది. కొత్తది ఈ పాత ఫోన్‌లో పట్టదట. "శంఖం ఒక్కటి చాలు పెద్దమ్మా. మూడు యాప్‌లు ఎందుకు? పెదనాన్న పాటలన్నీ అందులో ఉన్నాయిగా. పిట్టది పూర్తిగా మూసేద్దాం. వచ్చే వారం చేస్తాను" అంది. ఆ వారం ఈరోజుతో అయింది. అదుగో, రెండు ఫోన్లూ దాని పక్కనే ఉన్నాయి.

దాని లిస్టులో లేనిది ఒకటుంది. నేను లేవలేదు కాబట్టి ఎర్ర పడని పాట. అది ఎక్కడుందో నాకు తెలుసు. పిట్ట యాప్‌లో, విన్నవన్నీ వరసగా కనిపించే చోట, వేలితో పైకి తోస్తూ తోస్తూ వెళితే వస్తుంది. దాని బొమ్మ మీద ఎడ్లబండి, బండి మీద గొడుగు పట్టుకున్న అమ్మాయి. మూడో నెలలోనే కనిపెట్టాను. ఎన్నోసార్లు అక్కడి దాకా వెళ్లాను. ఆకు ఖాళీగా ఉంటుంది. చేతులు పొడిగానే ఉన్నాయి. అయినా నొక్కలేదు. నొక్కితే ఆయన అడిగింది అయిపోతుంది. అయిపోయాక ఇంకేం ఉండదు మా ఇద్దరి మధ్య, చెయ్యాల్సిన పని.

సంగతి ఇదీ, అమ్మడూ. మూడు రోజులు కూర్చుని చేశావు, నీకు చెప్పడానికి నోరు రాలేదు. నీ తప్పేం లేదు. హార్ట్ అని నీకు తెలుసు, ఆకు అని మాకు తెలుసు. ఆ లిస్టు తీసెయ్యమని చెప్పట్లేదు. ఉండనీ. వాటికే లాగుదాం, చేతులకి అలవాటైంది. పేరు మాత్రం మార్చు. 'పెదనాన్న ఎర్రలు' అని పెట్టు. నవ్వుతారు ఆయన.

శంఖమే ఉంచు. పిట్టది మూసెయ్యి. ప్రకటనలు లేకపోయినా నేనే ఆగుతానులే, రెండు పాటలకొకసారి. నువ్వు కూడా ఆగాలి.

మూసే ముందు ఆ ఎడ్లబండి బొమ్మ దగ్గరికి తీసుకెళ్లి ఫోన్ నాకియ్యి. చేతులు కడుక్కుని వచ్చాను. నువ్వు నొక్కొద్దు, నేను నొక్కుతాను. అడిగింది నన్ను కదా.

కళ్లు తుడుచుకో ముందు. కాగితం తడుస్తోంది. ఇప్పుడు మొదటి నుంచీ చదువు, వింటాను. దీనికి ఎర్ర పెట్టవే అన్న దగ్గరి నుంచి. తొందరపడకుండా చదువు.